లెక్కింపు నాడు మా ఇంట్లో

పోలింగ్ అయిన మూడో రోజు పొద్దున మా చిన్నాన్న చేతిసంచీతో మా గుమ్మంలో నిలబడ్డాడు. రొంపిచెర్ల దగ్గరి పల్లెటూరు ఆయనది. మేముండేది నరసరావుపేటలో. నాన్న పోయాక పుట్టింటి వైపు నాకు మిగిలిన పెద్దదిక్కు ఆయనే. ఆ ఎన్నికల్లో ఒక పార్టీ తరఫున బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు. సాయంత్రం ఓటింగ్ మిషన్లు కదిలే వేళకు రెండు వైపులా మాటలు పెరిగి రాళ్లదాకా వెళ్లింది. రాత్రికి ఎవరో వచ్చి ఆయన వాకిట్లో బండి సీటు కోసేసి పోయారు. పిన్ని భయపడి, లెక్కింపు అయ్యేదాకా ఊళ్లో ఉండొద్దని చెప్పి పంపేసింది. మా వైపు ఇది కొత్త సంగతి కాదు. ఎన్నికలయ్యాక కొందరు మగవాళ్లు పెళ్లికి వెళ్లినట్టు బట్టలు సర్దుకుని చుట్టాల ఇళ్లకు వెళ్లిపోతారు. ఫలితాలు వచ్చాక కొందరు తిరిగి వస్తారు. ఇంకొందరు అప్పుడు బయల్దేరతారు.

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. ఆ పోలింగ్‌కు నాకు రెంటచింతల మండలంలో డ్యూటీ పడింది. మేలో రెంటచింతల ఎండ అంటే మా జిల్లాలో వేరే చెప్పనక్కర్లేదు. రేకుల వరండాలో కూర్చుని పొద్దున్నుంచి వేళ్లకు సిరా రాయడం నా పని. కొన్ని వందల వేళ్లు పట్టుకుని ఉంటాను. మిరప కోతలకు పోయే ఆడవాళ్ల వేళ్లు చివర్లు పగిలి ఉంటాయి. ఆ పగుళ్లలోకి సిరా దిగితే ఇక గోరు పెరిగినా పోదు. మధ్యాహ్నం ఒక ముసలావిడ చెయ్యి చాపి, నా మొహంలోకి చూసి అడిగింది.

"ఏ గుర్తుకేస్తే కాయలకు రేటొచ్చిద్దో నువ్వన్నా చెప్పమ్మా. చదువుకున్నదానివి."

ఏజెంట్లు నవ్వారు. ఇక్కడ అలా అడగకూడదు, లోపలికి వెళ్లమని చెప్పాను. అది నియమం. ఆవిడ వేలికి సిరా రాసి వదిలాను.

నా ఓటు అప్పటికే పోస్టల్ బ్యాలెట్‌లో వేసేశాను. దేనికోసం వేశానో దాచుకోవాల్సిన పని లేదు. పెన్షన్ కోసం. మాకు ముందు చేరిన టీచర్లకు రిటైరయ్యాక నెలనెలా ఇంతని పెన్షన్ వస్తుంది. మాకు అలా కాదు. మా జీతంలో ప్రతి నెలా కొంత కోసి, దానికి ప్రభుత్వం కొంత కలిపి, షేర్లలోనూ బాండ్లలోనూ పెడతారు. ముసలితనంలో ఎంత వస్తుందన్నది అప్పటి మార్కెట్ చెప్పాలి. ప్రతి ఎన్నికకూ ఎవరో ఒకరు దీన్ని చూస్తామంటారు. స్టాఫ్ రూంలో మేం అదే మాట్లాడుకుంటాం, అదే ఆశతో వేస్తాం. పిల్లలకు మాత్రం సాంఘిక శాస్త్రంలో, ఓటు స్వలాభం చూసుకోకుండా వేయాలని చెబుతాం.

మావారికి పురుగుమందుల షాపు. ఆయన ఆ రోజు ఓటే వేయలేదు. మా బూత్ రెండు వీధుల అవతల. పొద్దున క్యూ పెద్దదిగా ఉందన్నారట, మధ్యాహ్నం ఎండన్నారట, సాయంత్రం గొడవలన్నారట. నేను రాత్రి మిషన్లు అప్పగించి ఇంటికొచ్చి ఆయన వేలు చూస్తే శుభ్రంగా ఉంది. అప్పటికి ఆరు నెలలుగా ఆయన ధ్యాసంతా ఫోన్లోనే. మిరప రైతు బాగుంటే మా షాపు బాగుంటుంది. ఆ ఏడు రేటు పడి, మందులు తీసుకున్నవాళ్లు మొహం చాటేశారు. ఖాళీ షాపులో కూర్చుని షేర్ల వ్యాపారం నేర్చుకున్నారు. మొదట్లో కొంచెం వచ్చింది కూడా. ఆ కొంచెమే కొంప ముంచుతుందని తెలియడానికి మాకు లెక్కింపు దాకా పట్టింది.

చిన్నాన్న మా ఇంట్లో మూడు వారాలు ఉన్నాడు. ఖాళీగా కూర్చోవడం తెలియని మనిషి. తెల్లవారుజామునే లేచి, మా కుళాయి బాగుచేశాడు, మేడ మీద నీళ్ల ట్యాంకు కడిగాడు, చివరికి చేసేదేమీ లేక టీవీ ముందు కూర్చున్నాడు. టీవీ నిండా ఎవరికెన్ని సీట్లన్న గోలే. మా వీధిలో అయితే పందేలు. ఫలానా నియోజకవర్గంలో మెజారిటీ ఇంత దాటుతుందని ఒకాయన బైపాస్ పక్కన స్థలం పెట్టాడని, ఇంకొకాయన పొలం రాయించి పెద్దమనిషి దగ్గర ఉంచాడని కబుర్లు. చిన్నాన్నకు పందెమంటే కంపరం. ఇప్పుడు లేని మా పెదనాన్న ఒకాయన కోడిపందేల్లో పోగొట్టుకున్న పొలం గట్టు మీదుగానే ఈయన రోజూ కౌలు చేనికి వెళ్లాలి.

మావారు కూడా పందెంరాయుళ్లను తిట్టేవారు. బుర్ర లేనివాళ్లు అనేవారు. తరవాత ఫోను తీసి చిన్నాన్నకు చూపించేవారు. ఢిల్లీలో ఉన్న ప్రభుత్వమే పెద్ద మెజారిటీతో మళ్లీ వస్తుందని అందరూ అంటున్నారని, వస్తే మార్కెట్ ఎగురుతుందని, లెక్కింపుకు ముందే కొనుక్కోమని టీవీలో పెద్దపెద్దవాళ్లు చెబుతున్నారని వివరించేవారు. చిన్నాన్న మొదట పట్టించుకోలేదు. వారం గడిచేసరికి, పొద్దున కాఫీ తాగుతూ తనే అడగడం మొదలుపెట్టాడు. "ఇవాళ ఎట్టా ఉంది అల్లుడూ?" అని.

ఆయన దగ్గర ఏప్రిల్లో మిరపకాయలు అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. అనుకున్న రేటు రాలేదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుదామంటే అద్దె కట్టే ఓపిక లేక తెగనమ్మాడు. మా వైపు కౌలు ముందే కట్టాలి. జూన్‌లో కౌలు కట్టి, విత్తనాలు కొని, కూలీలకు ఇవ్వడానికి దాచుకున్న డబ్బది. కౌలుకే సరిపోతుంది, మిగతా వాటికి మళ్లీ వడ్డీకి తేవాలని రోజూ మథనపడేవాడు. పది రోజుల్లో ఆ మిగతాది కూడా వస్తుందని మావారు చెప్పారు.

"పందెం గాదు గదా?" అని చిన్నాన్న ఒక్కటే అడిగాడు.

"పందెం ఎందుకయిద్ది మావయ్యా. చదువుకున్నోళ్లు చేసే పని ఇది."

అప్పుడాయన నా వైపు చూశాడు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేను. నేను ఔననలేదు, కాదనలేదు. చపాతీ పిండి కలుపుతున్నాను, కలుపుతూనే ఉన్నాను. ఆయన దాన్ని ఔననే అనుకున్నాడు. మర్నాడు ఇద్దరూ బ్యాంకుకు వెళ్లొచ్చారు.

మావారు కొన్నది షేర్లు కూడా కాదని నాకు తరవాత తెలిసింది. మార్కెట్ ఫలానా రోజులోగా ఫలానా స్థాయి దాటుతుందని డబ్బు పెట్టే రకం. దాటితే రెండింతలు, మూడింతలు. దాటకపోతే పెట్టింది పోతుంది, గడువు అయిపోతే అడగడానికి కూడా ఏమీ ఉండదు. వీధిలో వాళ్లు స్థలాలు పెట్టి ఆడుతున్నదానికీ దీనికీ తేడా ఏమిటో ఇప్పటికీ నాకు ఎవరూ చెప్పలేదు.

శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. ఢిల్లీ ప్రభుత్వానికి అందరూ అనుకున్నదానికంటే ఎక్కువే వస్తాయని అన్ని ఛానళ్లూ చెప్పాయి. సోమవారం పొద్దున మార్కెట్ తెరవగానే ఎగిరింది. మావారు ఆ రోజు షాపు తీయలేదు. మంచం మీద కూర్చుని, నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి ఫోను చూపించారు. పచ్చటి అంకెలు. పెట్టింది రెండింతలు దాటింది.

"మావయ్యది తీసేద్దాం. మనది ఉంచుదాం" అన్నారు.

ఇక్కడ నేనన్న మాట ఈ ఐదారు పంక్తుల్లో ఎక్కడో కలిపేసి దాటేయొచ్చు. ఇన్నాళ్లూ అదే చేశాను. కానీ ఇది రాయడానికి కూర్చున్నదే దానికోసం.

"ఇంకొక్క రోజు ఆగండి" అన్నాను. "రేపు ఫలితాలేగా. ఇవాళే ఇంతయితే రేపెంతవుతుంది?"

ఆయన రెండోసారి కూడా అడిగారు. ఆగమనే చెప్పాను. అప్పుడు నా మనసులో ఉన్నది చిన్నాన్న కౌలు కాదు. నా పెన్షన్ ఖాతా. మార్కెట్ అంత ఎగిరితే అది కూడా ఎంతోకొంత పెరిగి ఉంటుందని మధ్యాహ్నం ఫోన్లో చూసుకున్నాను. పెరిగింది. నాలుగు నెలల కిందట అదే పథకం రద్దు చేయాలని ధర్నాలో ఎండలో కూర్చున్నదాన్ని. ఆ మధ్యాహ్నం దాని అంకెలు చూసి సంతోషపడ్డాను.

మంగళవారం లెక్కింపు. ఊరంతా పోలీసులు. షాపులు మూసేశారు, నలుగురు కలిసి నిలబడకూడదన్నారు, టపాకాయలు కాల్చకూడదన్నారు. ముందు గదిలో చిన్నాన్న టీవీ ముందు. లోపలి గదిలో మావారు ఫోను ముందు. నేను ఆ గదికీ ఈ గదికీ కాఫీలు మోశాను.

తొమ్మిదిన్నరకే ముందు గదిలో గెలుపు మొదలైంది. చిన్నాన్న పార్టీ మా నియోజకవర్గంలోనే కాదు, రాష్ట్రమంతా ఊడ్చేస్తోంది. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. పక్కింటివాళ్లు అవతలి పార్టీ. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. పిన్నికి ఫోన్ చేసి, తలుపులేసుకుని లోపలే ఉండమని, రేపు పొద్దున్నే వచ్చేస్తానని చెప్పాడు. తరవాత నన్ను పిలిచి పాయసం చేయమన్నాడు.

లోపలి గదిలో మావారు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. ఢిల్లీలో ఉన్న ప్రభుత్వానికి సీట్లు అనుకున్నన్ని రావడం లేదు. మార్కెట్ పడుతోంది. పడడమంటే మెట్లు దిగడంలా కాదు, బావిలో చేద తాడు తెగినట్టు. అమ్మబోతే కొనేవాడు లేడు. యాప్ తెరుచుకోవడం లేదు, తెరుచుకునేసరికి అంకె ఇంకా కిందికి పోతోంది. పదకొండు గంటలకు ఆయన ఫోను మంచం కిందికి తోసేశారు. నాకు చెప్పాల్సిన పని లేకపోయింది.

నేను వంటింట్లోకి వెళ్లి పాయసం చేశాను. సేమియా నేతిలో వేయించాను, జీడిపప్పు వేశాను. యాలకులు దంచాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో చేతకానిది ఒక్కటీ లేదు, అన్నీ బాగానే చేశాను. గిన్నెలో పోసి తెచ్చి చిన్నాన్న చేతికిచ్చాను. ఆయన మొదటి చెంచా నా నోటికే అందించాడు. మింగాను.

అప్పుడాయన లోపలి గదిలోకి చూసి పిలిచాడు. "రా అల్లుడూ. మనోళ్లు గెలిచారు. మనది కూడా పెరిగుండిద్దిగా ఈపాటికి?"

మావారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. చెప్పారు. దాచిపెట్టలేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

చిన్నాన్న గిన్నె స్టూలు మీద పెట్టాడు. "గెలిచారు గదా. ఎందుకు పడింది?"

"గెలిచింది ఇక్కడ మావయ్యా. ఢిల్లీలో అనుకున్నన్ని రాలా."

"ఆడ ఓడిపోయారా?"

"ఓడిపోలా. మళ్లీ వాళ్లే వస్తన్నారు. అనుకున్నన్ని రాలా."

"గెలిచినా పడిద్దా?"

మావారు తలదించుకున్నారు. చిన్నాన్న నా వైపు తిరిగాడు. ఆయన అడిగిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కోపం లేదు. బడిలో లెక్క అర్థం కాని పిల్లవాడు రెండోసారి అడిగినట్టు అడిగాడు.

"నేనేసిన ఓటు వల్లేనా అమ్మాయ్?"

కాదు చిన్నాన్నా అన్నాను. దానికీ దీనికీ సంబంధం లేదన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. ఓట్లన్నీ కలిస్తేనే సీట్లు, సీట్లు తగ్గాయనే మార్కెట్ పడింది. ఆ కోట్ల ఓట్లలో ఆయనది ఏ వైపు తూగిందో ఎవరు చెప్పగలరు? నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే. నిన్న పొద్దున ఆ డబ్బు ఉంది, రెండింతలై ఉంది. అది ఓటు వల్ల పోలేదు, నా నోటి మాట వల్ల పోయింది. ఆ ముక్క నేను చెప్పలేదు. మావారూ చెప్పలేదు. నా వైపు ఒక్కసారి చూసి, తప్పంతా నాదే మావయ్యా అన్నారు.

మర్నాడు తెల్లవారకముందే చిన్నాన్న వెళ్లిపోయాడు. ఊళ్లో ఆయన్ని పూలదండ వేసి ఊరేగించారని విన్నాను. పోలింగ్ నాటి గొడవలో విరగ్గొట్టిన ఆయన ఏజెంటు కుర్చీ పక్కన నిలబెట్టి ఫొటో తీశారట. మెడలో దండతో నవ్వుతూ ఉన్న ఆ ఫొటో ఎవరో మా చుట్టాల గ్రూపులో పెట్టారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను కూడా పెట్టాను.

ఆ వారం గడవకముందే మార్కెట్ మళ్లీ లేచింది. పడినంతా పూడ్చుకుంది. కంగారుపడకుండా కూర్చున్నవాళ్లకు ఏమీ కాలేదని, ఓపికే పెట్టుబడి అని టీవీలో టై కట్టుకున్నాయన నవ్వుతూ చెప్పాడు. నా పెన్షన్ ఖాతా కూడా సర్దుకుంది. పోయింది గడువు పెట్టుకున్నవాళ్లది. జూన్‌లో కౌలు కట్టాల్సిన మనిషికి గడువు లేకుండా ఎలా ఉంటుంది? ఓపిక అనేది కూడా ఉన్నవాళ్లే కొనుక్కునే సరుకని అప్పుడు అర్థమైంది.

నేను బ్యాంకులో జీతం మీద లోను తీసుకుని డబ్బు పట్టుకుని ఊరికి వెళ్లాను. చిన్నాన్న చేనికి పోయాడని పిన్ని చెప్పింది. ఏ చేనికి అని అడిగితే, ఎకరమే కౌలుకు పట్టారని, అది కూడా వడ్డీకి తెచ్చి పట్టారని చెప్పింది. డబ్బు తీసుకుంది. లెక్కపెట్టకుండా బీరువాలో పెట్టింది. మజ్జిగ ఇచ్చింది. కూర్చోమని మాత్రం అనలేదు. ఊరికి బస్సు రావడానికి ఇంకా గంటన్నర ఉంది. నేను రోడ్డు మీద నిలబడ్డాను.

ఆ తరవాతి ఏడు మిరప రేటు పూర్తిగా పడుకుంది. కోత కూలి కూడా గిట్టదని కొందరు కాయలు చేలోనే వదిలేశారు. నాయకులు మిర్చి యార్డుకు వచ్చారు, బస్తాల మధ్య నిలబడి మాట్లాడారు, వెళ్లారు. మా షాపుకు రైతులు రావడం దాదాపు మానేశారు. మావారు షాపు సగానికి తగ్గించి మిగతా సగం సెల్ ఫోన్ల రిపేరుకు అద్దెకిచ్చారు.

చిన్నాన్నను నేను మళ్లీ చూసింది మొన్న వేసవిలో, వినుకొండ బస్టాండులో. పేపర్లు దిద్దే డ్యూటీ మీద వెళ్లి తిరిగి వస్తున్నాను. ఆయన గేదెల బేరానికి వచ్చాడట. నన్ను తనే పలకరించాడు. బెంచీ మీద పక్కన చోటిచ్చాడు. కౌలు మానేశానని, రెండు గేదెలున్నాయని, మీ పిన్ని పాలు పోస్తోందని చెప్పాడు. చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు.

రేటు పడినప్పుడు తను గెలిపించిన నాయకుడి దగ్గరికి వెళ్లానని చెప్పాడు. బూత్‌లో కూర్చుని రాళ్లదెబ్బలు తిన్నవాణ్ని గదా, నా మాట వింటాడని పోయానన్నాడు. గంటన్నర కూర్చోబెట్టి లోపలికి పిలిచారట.

"రేటు మా చేతుల్లో ఉండదు పెద్దాయనా, మార్కెట్ చేతుల్లో ఉండిద్ది అన్నాడమ్మాయ్." చిన్నాన్న కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఓట్లడగను వచ్చినప్పుడు ఒక్కడు కూడా ఆ మాట అనలా. అప్పుడు అన్నీ ఆళ్ల చేతుల్లోనే ఉన్నయ్."

నాకు అప్పుడే చెప్పేద్దామనిపించింది. సోమవారం పొద్దున మీ అల్లుడు తీసేద్దామన్నారు, వద్దన్నది నేను అని. ఆయన జేబులోంచి పల్లీల పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. చెప్పలేకపోయాను.

"అల్లుడు ఇంకా ఆ ఫోను చూస్తన్నాడా?" అని అడిగాడు.

లేదు చిన్నాన్నా, ఆ రోజుతోనే మానేశారు అన్నాను. అది నిజమే. చూస్తున్నది నేను. రోజూ పొద్దున తొమ్మిదింపావుకు, బడిలో ప్రార్థన అయ్యి పిల్లలు క్లాసుల్లోకి వెళుతుంటే, స్టాఫ్ రూం బీరువా తలుపు చాటున నిలబడి మార్కెట్ ఎలా తెరుచుకుందో చూస్తాను. నేను రిటైరవడానికి ఇంకా పన్నెండేళ్లు ఉంది. ఈలోగా రెండు ఎన్నికలైనా వస్తాయి. ఎవరికి వేయాలో ఇంకా తెలియదు గానీ, వేసే ముందు ఆ అంకె చూసే వేస్తానని మాత్రం తెలుసు.

నరసరావుపేట బస్సు వచ్చింది. చిన్నాన్న నా సంచీ అందుకుని కిటికీ పక్క సీట్లో పెట్టి దిగిపోయాడు.